రాత్రి రెండింటికి గోడ కొడుతున్నదెవరు?

శ్రీకాకుళం నుంచి ఒక ఇల్లాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, వీధి వెయ్యవద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది కాబట్టి సారాంశం మాత్రం చెబుతాను.

వాళ్లది మావగారు 1994లో కట్టించిన ఇల్లు. కింది వాటాలో ఈవిడ, భర్త, ఇద్దరు పిల్లలు, 74 ఏళ్ల అత్తగారు ఉంటారు. మూడేళ్ల కిందట మరిది పైన వాటా వేసుకున్నారు. బోరు ఒకటే, మోటారు ఒకటే, స్లాబు మీద ట్యాంకూ ఒకటే. పైన షవర్లు సన్నగా కారుతున్నాయని ఏడాదిన్నర కిందట మరిది ట్యాంకు పక్కన ప్రెజర్ పంపు పెట్టించారు. దానికి చిన్న నీలం సిలిండరు కూడా ఉందట. అప్పటి నుంచి కింది కొళాయిల్లో కూడా నీళ్లు జోరుగా వస్తున్నాయి. ఆ జోరు వెనకే చప్పుళ్లూ వచ్చాయి. పైన ఎవరు కొళాయి కట్టినా అత్తగారి గది గోడలో ‘దబ్ దబ్’మని రెండు మూడు దెబ్బలు. వాషింగ్ మెషీను తిరుగుతుంటే మరీ గట్టిగా. తెల్లవారుజామున నాలుగున్నరకు మోటారు వేసి, ట్యాంకు నిండాక ఆపగానే ఇల్లంతా అదిరేలా ఒకే ఒక్క ‘ఢాం’. ఇవి చాలవన్నట్టు అందరూ పడుకున్నాక, రాత్రి పన్నెండుకో రెండుకో, ఎవరూ నీళ్లు ముట్టుకోని వేళ అదే గోడలో మళ్లీ దెబ్బ.

ఆ దెబ్బకు అత్తగారు లేస్తారు. “ఎవులో తలుపు కొడతన్నారే, ఇనబడ్నేదేటి?” అంటూ వెళ్లి వీధి తలుపు తీస్తారు. ఈ మధ్య “మీ మావ వొచ్చినట్టున్నారే” అంటున్నారట. మావగారు పోయి రెండేళ్లయింది. పోయిన నెల చీకట్లో గడప తగిలి పడ్డారు. ఎముకకు ఏమీ కాలేదు గానీ మోకాలు వాచింది.

ఒక ప్లంబరు వచ్చి, గోడలో పైపులు లూజయ్యాయి, టైల్సు పగలగొట్టి మొత్తం కొత్త లైను వెయ్యాలి, 60 వేలవుతుందన్నాడు. ఇంకొకతను ట్యాంకు దగ్గర గేట్ వాల్వు సగం మూసి వెళ్లాడు. దాంతో కింద చప్పుడు కొంత తగ్గింది, పైన షవరు మళ్లీ కారడం మొదలైంది. రథసప్తమికి ఊళ్ల నుంచి చుట్టాలు దిగారు. అరసవల్లి దర్శనానికి తెల్లారకముందే పది మంది స్నానాలు, గోడలో ఆగకుండా దెబ్బలు. ఆ పూటే మాట పెరిగింది. భర్త తమ్ముణ్ని పట్టుకుని “నీ పంపు పీకి అవతల పారెయ్, అమ్మ ప్రాణం తీసేలా ఉంది” అన్నారు. తోటికోడలు “మేం నీళ్లు ముట్టుకోవడం మానేస్తే మీకు సంతోషమా అక్కా” అని ఏడ్చింది. అన్నదమ్ములకు అప్పటి నుంచి మాటల్లేవు.

“గోడ పగలగొట్టించాలా, పంపు తీయించాలా, అత్తగారిని వేరే గదిలోకి మార్చాలా? ఏది చేసినా ఎవరో ఒకరి దగ్గర నేనే చెడ్డదాన్నవుతాను” అని రాశారు.

అమ్మా,

ముందు ఒక మాట చెప్పి తర్వాత మిగతావి మాట్లాడతాను. గోడ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ 60 వేలూ పోసి గోడ తెరిచాక కూడా మీ అత్తగారు రాత్రి రెండింటికి లేచే అవకాశం ఉంది. ఎందుకంటే మీ ఇంట్లో ఉన్నది ఒక చప్పుడు కాదు, మూడు. మూడూ ఒకే గోడలో వినిపించడం వల్ల ఒకటే అనుకుంటున్నారు. పైపులో దెబ్బ పుట్టేది నీళ్లు ఆగిన చోట. అది వినిపించేది పైపు ఎక్కడ వదులుగా ఉంటే అక్కడ. ఈ రెండు చోట్లూ ఒకటి కావు.

విజయనగరంలో అయ్యకోనేరు దగ్గర ఒక ఇంట్లో ఇది కళ్లారా చూశాను. బాత్రూములో మూడు గోడల టైల్సు తీసేసి, కొత్త పైపు వేసి, మళ్లీ టైల్సు అతికించారు. మర్నాడు తెల్లవారి మోటారు ఆపగానే అదే ‘ఢాం’. ఆ ఇంటాయన నా ముందే కూలబడిపోయారు. తర్వాత బోరు దగ్గరికి వెళ్లి, పైకెళ్లే పైపు మీద అరచెయ్యి ఆనించి, మోటారు ఆపమన్నాను. ఆపీ ఆపగానే చేతికి సుత్తితో కొట్టినట్టు తగిలింది. దెబ్బ అక్కడ పుడుతోంది, బాత్రూము గోడలో పలుకుతోంది. అంతకుముందు రెండు నెలలు ఆ ఇంట్లో ఎవరూ బోరు వైపు చూడనే లేదు.

అసలు నీళ్లు ఎందుకు కొడతాయో రెండు మాటల్లో చెబుతాను. మీవారికి, మీ మరిదికి కూడా ఇది చదివి వినిపించండి. ట్యాంకు నుంచి కింది బాత్రూము దాకా 20 మీటర్ల అంగుళం పైపు ఉందనుకోండి. అందులో సుమారు 10 కేజీల నీళ్లుంటాయి. కొళాయి తిప్పి ఉన్నంతసేపూ ఆ 10 కేజీలూ ఒక్క ముద్దగా కదులుతుంటాయి. ఠక్కున కట్టేస్తే ఆ ముద్ద వెళ్లి వాల్వుకు గుద్దుకుంటుంది. నీళ్లు గాలిలాగా నొక్కుకుపోవు కదా, ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపులో వెనక్కి పరుగెడుతుంది, చివరికి తగిలి మళ్లీ ముందుకొస్తుంది. మీరు వింటున్న రెండో ‘దబ్’, మూడో ‘దబ్’ అవే. మాస్కో నగరం నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చినవాడు జుకోవ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు. 1898లో ప్రచురించాడు. ఆయన లెక్క ప్రకారం సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లు ఒక్కసారిగా ఆగితే ఇనప పైపులో సుమారు 13 బార్ల (బారు అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి లేస్తుంది, ప్లాస్టిక్ పైపులో సుమారు 4 బార్లు. 10 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడి ఒక్క బారు. దాని పక్కన పెట్టి చూస్తే 13 అంటే ఎంతో మీకే తెలుస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు మీకు పనికొస్తాయి. నీళ్ల వేగం సగమైతే దెబ్బ కూడా సగమవుతుంది. రెండోది, ‘ఒక్కసారిగా’ అంటే నిజంగానే రెప్పపాటులో అని. అదే కొళాయిని ఒక సెకను పట్టేలా నెమ్మదిగా కడితే ఇంట్లో ఉండే పైపుల పొడవుకి దెబ్బ చాలావరకు చచ్చిపోతుంది. పాత మర కొళాయిలు నాలుగు చుట్లు తిప్పితే గానీ కట్టబడేవి కావు కాబట్టి మావగారి రోజుల్లో ఈ గొడవ లేదు. ఇప్పటి కొళాయిలు పావు చుట్టుకే కట్టబడతాయి. వాషింగ్ మెషీను లోపలి వాల్వయితే కరెంటుతో చిటికెలో మూసుకుంటుంది. అందుకే అది తిరిగేటప్పుడు మీకు గట్టిగా వినబడుతోంది.

ఇప్పుడు మీ చప్పుళ్ల దగ్గరికి వద్దాం. అన్నింటికంటే ముందు రాత్రి రెండింటిది. అత్తగారు పడిందీ దాని వల్లే.

ఎవరూ నీళ్లు వాడని వేళ దెబ్బ వస్తోందంటే, ఎవరికీ తెలియకుండా నీళ్లు ఎక్కడో పోతున్నాయన్నమాట. నా అనుమానం పైనో కిందో ఏదో ఒక ఫ్లష్ ట్యాంకు మీద. లోపలి రబ్బరు సీలు అరిగితే నీళ్లు దారంలా కమోడ్‌లోకి జారుతూనే ఉంటాయి, కంటికి కనపడవు. అలా జారగా జారగా పైపులో ఒత్తిడి పడిపోతుంది. పడగానే పైన పంపు తనంతట తాను లేస్తుంది, నాలుగు క్షణాలు తిరిగి ఆగుతుంది. లేచినప్పుడొక కుదుపు, ఆగినప్పుడొకటి. మీ అత్తగారు తలుపు చప్పుడనుకుంటున్నది ఆ కుదుపునే అని నాకనిపిస్తోంది.

పరీక్ష చాలా తేలిక. రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న ప్రతి ఫ్లష్ ట్యాంకులోనూ బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వెయ్యండి. అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకూడదు. తర్వాత కమోడ్‌లో నీళ్లు నీలంగా మారి ఉంటే దొంగ దొరికినట్టే. ఆ సీలు మార్చడం ప్లంబరుకు చిన్న పని. నీలం ఎక్కడా కనపడకపోతే కారే కొళాయి ఏదైనా ఉందేమో, చేతి జెట్ బొట్లు బొట్లుగా కారుతోందేమో చూడండి.

సీలుతో పాటు ఆ నీలం సిలిండరును కూడా చూపించండి. అది అలంకారానికి పెట్టింది కాదు. అందులో ఒక రబ్బరు సంచి, దాని చుట్టూ గాలి ఉంటాయి. చిన్నా చితకా నీళ్లు పోయినప్పుడు పంపు లేవకుండా ఆ గాలే కాస్తుంది. గాలి పోయిన సిలిండరుతో పంపు గ్లాసుడు నీళ్లకు కూడా లేచి కూర్చుంటుంది. దానికి సైకిలు ట్యూబుకున్నట్టే గాలి కొట్టే ముక్కు ఉంటుంది. పంపు కరెంటు తీసేసి, కొళాయి తిప్పి ఒత్తిడంతా వదిలేశాక ఆ ముక్కును లోపలికి నొక్కి చూడాలి. గాలి బదులు నీళ్లు చిమ్మితే సంచి చిరిగినట్టు, మార్చాల్సిందే. గాలే వస్తే టైరు గేజీతో కొలిచి, పంపు లేచే ఒత్తిడి కంటే రవ్వంత తక్కువగా ఉంచాలి. పంపు 1.5 బార్లకు లేచేదయితే గాలి 1.3 బార్ల దగ్గర ఉండాలి. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఎవరూ గాలి చూసి ఉండరు, సాధారణంగా ఎవరూ చూడరు.

ఇదంతా అయ్యేలోపు ఈ రాత్రి నుంచే చెయ్యగలిగింది ఒకటుంది. పది గంటలకు పంపు స్విచ్ ఆపేసి, పొద్దున్న ఐదున్నరకు వెయ్యండి. పంపు ఆగినా ట్యాంకు నీళ్లు దాని గుండా కిందికి దిగుతూనే ఉంటాయి, జోరు మాత్రం ఉండదు. పై వాటాలో రాత్రి పూట షవరు సన్నగా వస్తుంది. ఎవరైనా నైట్ డ్యూటీ నుంచి పదకొండుకొచ్చి స్నానం చేసేవాళ్లుంటే వాళ్లకది ఇబ్బందే. అందుకని మీరు మీరే వెళ్లి స్విచ్ తీసెయ్యకండి, మీ తోటికోడలికి చెప్పి ఆమె చేతనే తీయించండి. రెండు రాత్రులు దెబ్బ రాకపోతే కారణం తేలిపోయినట్టే.

రెండోది తెల్లవారుజాము ‘ఢాం’. ఇది బోరు పైపులో ఉన్న నాన్ రిటర్న్ వాల్వుది, అంటే ఎక్కిన నీళ్లు వెనక్కి దిగకుండా ఆపేది. మోటారు ఆగగానే పైకెక్కుతున్న నీళ్లు ఒక క్షణం నిలబడి వెనక్కి దిగబోతాయి. పాత రకం వాల్వులో రేకు తలుపులాంటిది వేలాడుతూ ఉంటుంది. నీళ్లు వెనక్కి తిరిగాక వాటితో పాటు వచ్చి ఫట్‌మని పడుతుంది. స్ప్రింగు ఉన్న రకమైతే నీళ్లు వెనక్కి తిరగకముందే మూసుకుంటుంది, చప్పుడు చెయ్యదు. పాతది తీసి అదే చోట స్ప్రింగు రకం వెయ్యమనండి. దీనికి గోడతో గానీ పై వాటాతో గానీ సంబంధం లేదు. నిజానికి పంపు పెట్టక ముందు కూడా ఈ దెబ్బ ఉండే ఉంటుంది, మీరు పట్టించుకుని ఉండరు. కొందరు ప్లంబర్లు ఆ వాల్వు లోపలి రేకు తీసేస్తే చప్పుడే ఉండదంటారు. ఒప్పుకోకండి. అడ్డు లేకపోతే పైపులో నీళ్లన్నీ దిగుతూ మోటారును వెనక్కి తిప్పుతాయి, ఆ సమయంలో ఎవరైనా స్విచ్ వేస్తే మోటారు పాడవుతుంది. వాల్వు మార్చేదాకా మోటారు వేసే వేళ మార్చుకోండి. నాలుగున్నరకే ఎందుకు? ముందురోజు సాయంత్రం ఆరింటికి ట్యాంకు నింపుకుంటే అత్తగారు మెలకువగానే ఉంటారు.

మూడోది, అన్నదమ్ముల మధ్య నిలబడినది, పైన కొళాయి కడితే కింద కొట్టే దెబ్బ. మీ ఉత్తరంలో మీరు మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ‘పంపు పెట్టాక కింది కొళాయిల్లో కూడా నీళ్లు జోరుగా వస్తున్నాయి’ అన్నారు. అంటే పంపును పై వాటా లైనుకు మాత్రమే కాక ట్యాంకు నుంచి దిగే ఉమ్మడి పైపుకు కలిపేశారు. పై వాటావి కొత్త ప్లాస్టిక్ పైపులు. కిందివి, 1994 ఇల్లు కాబట్టి, బహుశా జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనపవి. లోపల తుప్పు, మరల దగ్గర అరుగుదల, గోడలో పైపును కదలకుండా పట్టి ఉంచే క్లాంపులు ఎప్పుడో ఊడి ఉంటాయి. ట్యాంకు ఎత్తుకు సరిపడా ఒత్తిడిని ముప్పై ఏళ్లు మోసిన ఆ పైపుల మీదికి ఇప్పుడు పంపు ఒత్తిడి, దాని మీద ప్రతి కొళాయి దెబ్బ కూడా వచ్చి పడుతున్నాయి. చప్పుడు కంటే నాకు దిగులు కలిగించేది ఇది. ఏదో ఒకరోజు గోడ లోపల ఒక మర వదిలి చెమ్మ మొదలవుతుంది. అప్పుడు గోడ పగలగొట్టక తప్పదు.

ఇందులో మీ మరిది తప్పు ఎంత? ఆయన వైపు నుంచి చూడండి. ట్యాంకు అడుగుకీ పై వాటా షవరుకీ మధ్య ఒకటిన్నర మీటరు ఎత్తు కూడా ఉండదు. ఒక మీటరుకు పదో వంతు బారు ఒత్తిడి. అంటే ట్యాంకుకు అందరికంటే దగ్గరగా ఉన్నవాళ్లకే అందరికంటే తక్కువ నీళ్లు వస్తాయి. కింద మీకు పంపు లేకుండానే బాగా వచ్చేవి కాబట్టి పైవాళ్ల కష్టం మీవారికి అతిగా కనిపించి ఉండొచ్చు. పంపు అడగడం దుబారా కాదు, అవసరం. తప్పు ఎక్కడైనా ఉంటే పంపును తీసుకెళ్లి ఉమ్మడి పైపుకు బిగించడంలో ఉంది. అది బిగించిన మనిషి ఆ రోజే వెళ్లిపోయాడు, అన్నదమ్ములు మిగిలారు.

దీనికి మీ ముందు కొన్ని దారులున్నాయి.

పంపు తీసెయ్యడం ఒకటి. చప్పుడు చాలావరకు పోతుంది, పైన కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు చెంబుతో స్నానం చేస్తారు. ఇది మీ ఇంట్లో ఎన్నేళ్లు గుచ్చుతుందో నాకంటే మీకే తెలుసు. పంపు బదులు ట్యాంకును ఎత్తు స్టాండు మీదికి ఎక్కిస్తే సరిపోతుందని ఎవరైనా అనొచ్చు. ఇంకో రెండు మీటర్లు ఎత్తితే పెరిగేది బారులో అయిదో వంతు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను దాటుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లాలో టన్ను బరువును గాలికి ఎదురుగా స్లాబు మీద అంత ఎత్తున నిలబెట్టమని నేను చెప్పలేను.

ఇప్పుడున్నట్టు గేట్ వాల్వు సగం మూసి ఉంచడం మరొకటి. వేగం తగ్గుతుంది కాబట్టి దెబ్బ తగ్గింది, అందులో మాయ లేదు. అయితే పైవాళ్లు రోజూ ఆ సన్నధార కింద నిలబడి మిమ్మల్ని తలుచుకుంటారు. పైగా గేట్ వాల్వు పూర్తిగా తెరవడానికీ పూర్తిగా మూయడానికీ చేసింది, సగంలో ఉంచితే లోపలి పలక కొన్నాళ్లకు వదులై అదే గడగడలాడుతుంది. దాన్ని పూర్తిగా తెరిపించి, దాని బదులు పంపు ఒత్తిడే తగ్గించమనండి. సిలిండరున్న పంపుకు ప్రెజర్ స్విచ్ ఉంటుంది, 3 బార్లకు ఆగేదాన్ని 2కు దించితే షవరుకు ఇబ్బంది ఉండదు. లేచే ఒత్తిడి కూడా దాంతో పాటు దిగుతుంది, సిలిండరు గాలి మళ్లీ సరిచూడాలి.

వాషింగ్ మెషీను దగ్గర వాటర్ హామర్ అరెస్టర్ అని చిన్న ముక్క బిగించుకోవచ్చు. లోపల పిస్టను వెనక బంధించిన గాలి ఉంటుంది, దెబ్బ ఆ గాలి మింగేస్తుంది. మెషీనుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, గజాల దూరంలో పెడితే దండగ. మీ ఊరి ప్లంబరు దాని బదులు మూడు దారుల టీ జాయింటు వేసి, మూరెడు పైపు నిలబెట్టి, పైన ఎండ్ క్యాప్‌తో మూసేస్తానంటాడు. పాత పద్ధతి, పనిచేస్తుంది. కానీ ఆ గాలి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగిపోతుంది, కొన్ని నెలలకు పైపు నిండా నీళ్లే ఉంటాయి, అప్పుడు లైను ఖాళీ చేసి మళ్లీ గాలి పట్టించాలి. గుర్తుపెట్టుకుని చేసేవాళ్లుంటే అది చాలు. ఇవేవీ తెచ్చేలోపు మెషీను కొళాయిని సగమే తిప్పి ఉంచమనండి, నీళ్లు నింపుకోవడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

నన్నడిగితే నేను మొగ్గేది వేరే దారికి. ట్యాంకుకు ఇంకో రంధ్రం పెట్టి, కింది వాటాకు పంపుతో సంబంధం లేని విడి లైను దింపడం. పంపు పై వాటాకు మాత్రమే పనిచేస్తుంది. మీ పాత పైపులకు పాత ఒత్తిడే ఉంటుంది, పైవాళ్ల కొళాయి దెబ్బలు మీ గోడలోకి దిగే దారి చాలావరకు మూసుకుపోతుంది. వాళ్ల జోరు వాళ్లకు ఉంటుంది. కొత్త పైపు బయటి గోడ మీద దిగుతుంది కాబట్టి టైల్సు ముట్టుకోనక్కర్లేదు. ప్రతి మూడడుగులకూ ఒక క్లాంపు, క్లాంపుకూ పైపుకూ మధ్య రబ్బరు ముక్క వెయ్యమనండి. తుపాను రోజుల్లో కరెంటు లేకపోయినా ట్యాంకులో నీళ్లున్నంతవరకు కింద మీకు ధార తగ్గదు.

ఇందులో ఒక చిక్కుంది, అది పైపులది కాదు. మీ ఇంట్లో మావగారు పోయి రెండేళ్లే అయింది. ఇప్పుడు అన్నదమ్ములకు మాటల్లేని వేళ ‘లైన్లు వేరు చేస్తున్నాం’ అన్న మాట అత్తగారి చెవిన పడితే ఆవిడకు అది ఇల్లు వేరు పడుతున్నట్టే వినిపిస్తుంది. మీ తోటికోడలికీ అలాగే అనిపించవచ్చు. కాబట్టి ఆ మాట వాడకండి. బోరు ఒకటే, మోటారు ఒకటే, ట్యాంకు ఒకటే, కరెంటు బిల్లు ఇప్పటిలాగే పంచుకుంటారు, పాత ఇనప పైపులకు పంపు బరువు తప్పిస్తున్నాం అని చెప్పండి. నిజం కూడా అదే. ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. సగం సగం అనుకుంటే మంచిది. ఒకరే భరిస్తే వాళ్లు తప్పు ఒప్పుకున్నట్టవుతుంది.

అన్నదమ్ములను కూర్చోబెట్టి పంచాయితీ చెయ్యవద్దు. వాళ్ల మధ్య అమ్మ ఉంది, పడిన మోకాలు ఉంది, రథసప్తమి నాటి మాటలున్నాయి. అవన్నీ తేలేసరికి పంపు సంగతి వెనకబడుతుంది. మీరూ మీ తోటికోడలూ మొదలుపెట్టండి. ఒక సాయంత్రం పిల్లలు ట్యూషనుకెళ్లాక ఫోను చెయ్యండి. ఆమె పైన ఒక్కో కొళాయి తిప్పి కడుతూ ఏది కట్టిందో చెప్పాలి. మీరు కింద అత్తగారి గది గోడకు చెయ్యి ఆనించి ఎంత కొట్టిందో చెప్పాలి. అదే కొళాయి రెండోసారి మెల్లగా కట్టి చూడాలి. అరగంటలో ఏ కొళాయి దగ్గర దెబ్బ పుడుతోందో ఇద్దరికీ తెలిసిపోతుంది. ‘మీ నీళ్ల వల్లే’ అని ఇక ఎవరూ అనరు, ‘వాష్‌బేసిన్ కొళాయి వల్ల’ అంటారు. “మీరు నీళ్లు మానక్కర్లేదమ్మా, నాకు సాయం చెయ్యి చాలు” అన్న ఒక్క మాటతో ఆ ఫోను మొదలుపెట్టండి. ఆమె ఏడ్చింది పంపు గురించి కాదని మీకూ తెలుసు. ఒకవేళ ఆమె ఫోను ఎత్తకపోతే మీ పెద్దబ్బాయిని పైకి పంపండి, పిల్లలకు ఈ పని సరదాగానే ఉంటుంది. పని నెమ్మదిగా సాగుతుంది, సాగుతుంది మాత్రం.

ఇక అత్తగారు. ఆవిడను వేరే గదిలోకి మార్చడం అన్నింటికంటే తేలిగ్గా కనిపిస్తుంది, కానీ ఆవిడ ఇన్నేళ్లు మావగారితో ఉన్న గది అది. చీకట్లో లేచే అలవాటున్న మనిషికి కొత్త గదిలో గడప ఎక్కడుందో, స్విచ్ ఎక్కడుందో కాళ్లకు తెలియదు. పాత గదిలోనే ఉంచి, మంచం తల ఆ గోడ వైపు కాకుండా తిప్పండి. రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వండి. వీధి తలుపు పై గడియ ఆవిడకు అందని ఎత్తులో వెయ్యాలనిపిస్తుంది. వెయ్యకండి, తలుపు రాక తడబడి మళ్లీ పడతారు. దానికంటే ఎవరైనా ఒకరు కొన్నాళ్లు ఆ గదిలో పడుకోవడం మేలు.

మావగారు వచ్చారనుకోవడాన్ని నవ్వి కొట్టెయ్యకండి, గదమాయించకండి. పగటి పూట ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్లి, పైన కొళాయి కట్టించి, ఆ దెబ్బను ఆవిడ అరచేతికి తగలనివ్వండి. కొందరు పెద్దవాళ్లు దానితో కుదుటపడతారు. కొందరికి అది తెలిశాక కూడా ఆ మాట అనాలని ఉంటుంది, అప్పుడు అననివ్వండి. మీ ఇంటి చప్పుళ్లను ఆవిడంత శ్రద్ధగా విన్నవాళ్లు ఎవరూ లేరు. ఏ రాత్రి ఏ వేళకు ఎన్ని దెబ్బలో ఆవిడనే అడిగి కాగితం మీద రాసుకోండి. పంపు ఆపిన రెండు రాత్రులూ ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నా ఆవిడకు మాత్రం తలుపు చప్పుడు వినబడుతోందంటే, లేదా లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించండి. అప్పుడది ప్లంబరు పని కాదు.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ ఉంటే ఉండొచ్చు. గీజరు వాడిన తర్వాత గోడలో ‘దబ్’ కాకుండా ‘టిక్, టిక్’మని వినిపిస్తే అది దెబ్బ కాదు. వేణ్నీళ్ల ప్లాస్టిక్ పైపు 3 మీటర్ల పొడవున 35 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారి మళ్లీ ముడుచుకుంటుంది. ఆ సాగుడుకు సిమెంటును రాసుకునే చప్పుడు అది. దానికి భయపడకండి.

ఇవన్నీ చేశాక, అంటే సీలు, సిలిండరు గాలి, బోరు వాల్వు, విడి లైను అయ్యాక, కిందివాళ్లు తమ సొంత కొళాయి కట్టినప్పుడు కూడా అత్తగారి గోడలో పైపు కదులుతుంటే అప్పుడు గోడ తెరవండి. అప్పుడైనా గది చుట్టూ కాదు. చెయ్యి ఆనించినప్పుడు ఎక్కడ గట్టిగా తగులుతోందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ జానెడు మేర మాత్రమే తీయించండి. అక్కడ సాధారణంగా ఒక ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, వదులుగా ఆడుతూ కనిపిస్తుంది. దానికి క్లాంపు బిగించి, సిమెంటు పూసే ముందు పక్కన టేపు చాచి పెట్టి ఫోటో తీసి దాచండి. మీ మావగారు 1994లో ఆ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లారో ఇవాళ ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ పిల్లలకైనా తెలియాలి.